పావు వంతు

ఆ గదిలో నన్నెవరూ పరీక్షించేవారు కాదు. నేనే అందరినీ పరీక్షించేదాన్ని.

మంగళవారం, శుక్రవారం ఉదయం పదకొండింటికి మేం నలుగురం కొండవాలు మీదున్న ఆ పునరావాస కేంద్రంలో, సముద్రం వైపు కిటికీలున్న గదిలో చేరేవాళ్ళం. కూర్చునే ముందు ఒక్కొక్కరూ నాలిక మీద సన్నటి కాగితం ముక్క పెట్టుకోవాలి. నిమిషం తర్వాత అది తెల్లగానే ఉంటే ఒంట్లో ఏ మత్తూ లేనట్టు. ఎర్రబడితే ఉన్నట్టు. ఆ కాగితాల డబ్బా, రాసే పుస్తకం మొదట నర్సు దగ్గర ఉండేవి. మూడోవారం డాక్టర్ మృణాళిని, "ఈ పని మీలోనే ఒకరు చేస్తే బాగుంటుంది. మీరు నమ్మే మనిషిని మీరే ఎంచుకోండి," అన్నారు.

"ఎంచడానికేటుందండి? అమ్మగారున్నారు కదా," అన్నాడు పైడిరాజు.

పైడిరాజు రేవులో క్రేన్ నడిపేవాడు. అతని క్రేన్ కింద ఇనుప కడ్డీల మోపు తెగి, అబ్బులనే స్నేహితుడు చనిపోయాడు. తాగుడు ఆ రోజు మొదలైంది. అతని ఎదుట కూర్చునే మేరీరత్నం గారు ఇరవై రెండేళ్ళు నర్సుగా చేశారు. జ్వరాల ఏడాది ఊపిరాడని రోగుల వార్డులో పనిచేసి, ఆ తర్వాత రోగులకివ్వాల్సిన మత్తు ఇంజక్షన్లు తనే పొడుచుకున్నారు. మాలో చిన్నవాడు జిలానీ. అంబులెన్సు నడిపేవాడు, దగ్గుమందు సీసాలకి సీసాలు తాగేవాడు. నాది నిద్రమాత్ర. తొమ్మిదేళ్ళ నించి.

కానీ నేను గంజిపెట్టిన నేతచీర కట్టుకుని వెళ్ళేదాన్ని. బీయస్సీ చదివినదాన్ని, లెక్చరర్ గారి భార్యని. ఫ్లాస్కులో అందరికీ టీ తెచ్చి, కప్పులు నేనే కడిగి బోర్లించేదాన్ని. మత్తు అన్న మాట నాకు అంటదని వాళ్ళ నమ్మకం. వాళ్ళదే కాదు, నాదీ అదే నమ్మకం.

"మరి ఇందుమతి గారిది ఎవరు చూస్తారు?" అని డాక్టర్ అడిగారు.

"అక్కని చూడ్డమేంటి మేడం, కళ్ళు పోతాయి!" అన్నాడు జిలానీ. అందరం నవ్వాం. డాక్టరు కూడా నవ్వారు.

ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

*

మా నలుగురి మణికట్లకీ బూడిదరంగు పట్టీ ఉండేది. దాని అసలు పేరు సమవాహి. మేం కడియం అనేవాళ్ళం. ఒకరు తమకి జరిగినది చెబుతుంటే, వాళ్ళ ఒంట్లో పుట్టే వణుకుని కడియం నాలుగు భాగాలు చేసి నలుగురికీ పంచుతుంది. జరిగిన సంగతి ఎవరిది వాళ్ళదే. వణుకు మాత్రం పంపకం. చెప్పినవాళ్ళకి పావు వంతు మిగులుతుంది. మిగతా మూడు పావులూ ముగ్గురి ఒళ్ళలో వారం పదిరోజులుండి, మెల్లగా పలచబడిపోతాయి. ఆరు నెలలూ కడియం తియ్యకూడదు. మధ్యలో తీస్తే ఎవరిది వాళ్ళకి పూర్తిగా వెనక్కి వచ్చేస్తుంది. అందుకే మత్తు తీసుకున్నట్టు తేలినవాళ్ళ కడియం తీసేస్తారన్న నియమం విని మొదటిరోజు అందరం మా మణికట్లకేసి చూసుకున్నాం.

మొదట చెప్పింది నేనే. తొమ్మిదేళ్ళ కిందట నదిలో మా లాంచీ తిరగబడింది. నీళ్ళలో మా చెల్లెలు వాణి జడ నా చేతికి దొరికింది. పట్టుకున్నాను. జారింది. జడ చివరి నల్ల రబ్బరుబ్యాండు నా వేళ్ళ మధ్య మిగిలింది. అంతే, ఇంకేం చెప్పలేకపోయాను. అక్కర్లేకపోయింది కూడా. ముగ్గురూ ఒక్కసారే మెడలు పైకెత్తి నోళ్ళు తెరిచారు.

తర్వాతి మంగళవారం పైడిరాజు వస్తూనే, "ఏటమ్మగారూ మీ నది! వారం రోజులు తలకి పోసుకోలేపోయాను. నీళ్ళకి బయపడే తాగుబోతుని ఇప్పుడే సూస్తన్నానంటాది మా ఇంటిది," అన్నాడు.

"నాకసలు ఈతే రాదక్కా. నీ పుణ్యాన బకెట్లో రెండుసార్లు మునిగిపోయా," అన్నాడు జిలానీ.

మేరీరత్నం గారు ఆ వారమంతా మంచినీళ్ళు చెంచాతో తాగారని తర్వాత తెలిసింది.

నేనేమో ఆ వారం తొమ్మిదేళ్ళలో మొదటిసారి తలుపు గడియపెట్టుకుని స్నానం చేశాను. మాత్ర లేకుండా పడుకున్నాను. పొద్దున్న మా ఆయన ప్రభాకరం గారు నా ముఖం చూసి, కాఫీ తనే కలిపి తెచ్చారు. నా భయాన్ని మోస్తున్న ముగ్గురూ ఆ సమయంలో ఎలా ఉన్నారో నేను ఆలోచించలేదు.

*

మూడు నెలలు శుభ్రంగా గడిచాయి. తర్వాత మేరీరత్నం గారి వంతు వచ్చింది. ఆవిడ అంతవరకు చిన్నచిన్నవే చెప్పారు. ఆ రోజు వార్డు సంగతి చెప్పారు. నాలుగు మంచాలకి ఒక సిలిండరు. ఎవరికి పెట్టాలో ఆవిడే తేల్చాలి.

నా పావు వంతు నాతో ఇంటికి వచ్చింది. మర్నాడు పప్పు తిరగమోత వేస్తుండగా ఊపిరి సగంలో ఆగిపోయింది. లోపలికి పోదు, బయటికి రాదు. గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆవాలు మాడి వంటిల్లంతా పొగ. ఆయన పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేశారు. అలా రోజుకి మూడు నాలుగుసార్లు. ఇది నాది కాదు కదా అనుకున్నాను. నా చెల్లెలు కాదు, నా నది కాదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనుషుల ఊపిరి నేనెందుకు పట్టుకోవాలి?

ఇడ్లీరేకుల మధ్య దాచిన మాత్రల అట్ట ఒకటి ఉండిపోయింది. పారేశానని డాక్టరుకి చెప్పిన అట్ట. శుక్రవారం పొద్దున్న అందులోంచి ఒకటి తీసి అడకత్తెరతో రెండు చేశాను. సరిగ్గా సగం. కొలతలో నేనెప్పుడూ తప్పను.

కేంద్రంలో ముగ్గురి నాలికల మీదా కాగితాలు పెట్టాను, చూశాను, పుస్తకంలో రాశాను. నా కాగితాన్ని టీ కప్పులు తొలిచే గిన్నెలో ముంచాను. నీళ్ళకి అది తెల్లగానే ఉంది. నా పేరు పక్కన 'లేదు' అని రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది.

ఆ రోజు మేరీరత్నం గారు మిగిలినది చెప్పారు. నాకేమీ తగల్లేదు. పరుపులోంచి విన్నట్టు విన్నాను. నా కుడిపక్కన పైడిరాజు మాత్రం రొమ్ము పట్టుకుని వంగిపోయాడు. లేచి మంచినీళ్ళు ఇచ్చాను కూడా.

ఒక వారం పోయాక టీ తాగుతూ జిలానీ డాక్టరుని అడిగాడు. "మేడం, మాలో ఒకరికి జ్వరమొచ్చి పడుకున్నారనుకోండి. వాళ్ళ పావు ఏమౌద్ది?"

"ఒళ్ళు తీసుకోలేకపోతే కుడిపక్క వాళ్ళకి వెళ్తుంది. ఆగిపోతే చెప్పే మనిషికే తిరిగి కొడుతుంది కదా, అందుకని అలా పెట్టాను," అన్నారు డాక్టరు.

నేను కుడివైపు చూశాను. పైడిరాజు తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. తువ్వాలు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. నెల కిందట ఆ చేతిలో కప్పు నిశ్చలంగా ఉండేది. నాకు అన్నీ ముందే కనబడతాయి. కూరలో ఉప్పు పడిందో లేదో రంగు చూసి చెప్పేదాన్ని. అది కనబడకపోవడమేమిటి!

మంగళవారం పొద్దున్న మళ్ళీ అడకత్తెర తీశాను. అతను బలమైన మనిషి అనుకున్నాను. టన్నులెత్తే చేతులు అనుకున్నాను. ఎలాగూ తాగేవాళ్ళకి ఇవన్నీ అలవాటే అని కూడా అనుకున్నాను.

రెండు వారాల తర్వాత అతను అబ్బులు సంగతి చెప్పాడు. నా కుడిపక్క మనిషి అతనే కాబట్టి, నేను తీసుకోని పావు తిరిగి అతనికే చేరింది. చెప్పడం అయ్యాక అరచేతులు చూసుకున్నాడు.

"అందరికీ తేలికైపోద్దన్నారు. నాకేటి డాక్టరమ్మా, సగమే తగ్గినట్టుంది? నా బుర్ర మందమేమో," అని నవ్వాడు.

నేను అతనికి టీ పోశాను. పంచదార కొంచెం ఎక్కువ వేశాను.

*

పై మంగళవారం పైడిరాజు కాగితం నా చేతిలోనే ఎర్రబడింది.

ముందు అంచు, తర్వాత మొత్తం. ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. నేను కలం తియ్యలేదు. అతనే మెల్లగా, "రాసెయ్యండమ్మగారూ. మీ తప్పేటుంది ఇందులో," అన్నాడు.

రాశాను. 'ఉంది.' గుండ్రంగానే వచ్చింది.

శుక్రవారం అతని కడియం తీసేస్తామని డాక్టర్ చెప్పారు. అతను బతిమాలలేదు. తన కప్పు తనే కడిగి వెళ్ళాడు.

బుధవారం మధ్యాహ్నం అతని భార్య నూకరత్నం మా ఇంటికి వచ్చింది. రేవులో చేపలు ఎండబెట్టే చోట పనిచేస్తుంది. గుమ్మం లోపలికి రానంది. నేను పట్టుబడితే వచ్చి గచ్చు మీద కూర్చుంది. కుర్చీ వెయ్యబోతే వద్దంది.

"మీరు సెప్తే డాక్టరమ్మ ఇంటాదని వచ్చినానమ్మా. మీ మాటంటే అక్కడందరికీ గురంట. నాలుగు నెల్లు ఆగినోడమ్మా మావోడు, ఒక్క సుక్క ముట్టనేదు. ఈ నెల్లోనే ఏటైపోనాడో. అన్నం ముందు కూకుని ఊపిరాడతల్లేదని గొంతు పట్టేసుకుంటాడు. ఆడి అబ్బులయితే ఆడే మొయ్యాల, కాదన్ను. ఆ నర్సమ్మగారి మనుసులు ఆడినంతలా ఎందుకు పీక్కుతింటన్నారమ్మా? మిగతా ఇద్దరూ బాగానే ఉన్నారంట కదా?"

"ఇద్దరూ కాదు, ముగ్గురం," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"మీ సంగతి నేనేల అంటాను తల్లీ!" అని లెంపలు వేసుకుంది. "ఇది పూర్తిసేసినట్టు కాయితం తెస్తే క్రేన్ మళ్ళీ ఎక్కిస్తామన్నారు. ఇప్పుడు కడియం తీసేస్తే అబ్బులు మొత్తంగా వచ్చి ఆడి మీద పడతాడంట కదా. అప్పుడింకేటి మిగల్దమ్మా. క్రేనూ మిగల్దు, ఆడూ మిగల్డు."

టీ ఇచ్చాను. తాగి, గ్లాసు తనే కడుగుతానంది. నేనే తీసుకున్నాను. ఆవిడ వెళ్ళాక చూసుకుంటే, ఆ గ్లాసు కడిగి మిగతావాటికి దూరంగా, కిటికీ పక్కన విడిగా బోర్లించాను. మా అమ్మ పనివాళ్ళ గ్లాసులు అలాగే బోర్లించేది. తీసి మిగతా గ్లాసుల మధ్యలో పెట్టాను. వంటింట్లో ఎవరూ లేరు, అయినా చెవులు మండాయి.

సాయంత్రం మా ఆయనకి అంతా చెప్పాను. అట్ట తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి ఖాళీ గళ్ళు లెక్కపెట్టారు.

"ఎవరికైనా తెలుసా?"

"తెలియదు."

"నెలన్నరే ఉంది ఇందూ. ఇప్పుడు చెబితే నీ కడియమూ తీసేస్తారు. నీ నది నీకొచ్చేస్తుంది. ఆ రోజులు మళ్ళీ నేను చూడలేను. ఇది పారేసి, నెలన్నర నిజంగా ఉండు, చాలు. అతనేమో... ఎలాగూ తాగేవాడే కదా."

నాకు ఆయన మీద కోపం రాలేదు. నాలుగు వారాలుగా నేను నాకు చెప్పుకున్న మాటే అది. ఇంకొకరి నోట వింటే ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే తెలిసింది.

"చూడలేకపోతే చూడకండి," అన్నాను. అంత కటువుగా నేను ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు.

*

శుక్రవారం నలుగురం కూర్చున్నాం. కడియాలు విప్పే చిన్న తాళంచెవి డాక్టర్ చేతిలో ఉంది. పైడిరాజు చొక్కా చెయ్యి మడిచి మణికట్టు ముందుకు చాపాడు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

"ఒక్క నిమిషం. నేను చెప్పాల్సింది ఉంది," అన్నాను. "మేరీరత్నం గారి వార్డు రోజు తర్వాత నించి నేను..."

అంతవరకే అన్నాను. ముఖమంతా వేడెక్కింది. మెడ దానంతటది వంగింది. మరుక్షణం జిలానీ చెవులు ఎర్రబడ్డాయి. మేరీరత్నం గారు కొంగు గబగబా భుజం మీదికి లాక్కున్నారు, ఎవరో చూడరానిది చూసినట్టు. పైడిరాజు తల దించేసుకున్నాడు. ఏం జరుగుతోందో వాళ్ళకి తెలియదు. కడియం మాత్రం తన పని తను చేస్తోంది. నా సిగ్గుని నాలుగు భాగాలు చేసి, ఎవరి వంతు వాళ్ళకి పెడుతోంది. ఏ తప్పూ చెయ్యని మనిషి నా పక్కన తలవంచుకుని కూర్చున్నాడు. ఆ వంగిన మెడ నాది.

నాకు అప్పుడే తేలికైంది. నిజం చెబుతున్నాను. ఆ తేలిక హాయిగా ఉంది. అందుకే భయమేసింది.

"డాక్టర్ గారూ, ముందు నాది తీసెయ్యండి."

"ఏమంటున్నారు? తీస్తే మీ నది మొత్తం..."

"తెలుసు. తియ్యండి. ఇది వీళ్ళకి పోకూడదు."

ఆవిడ కదల్లేదు. నేనే ఆవిడ చేతిలోంచి తాళంచెవి తీసుకుని తిప్పుకున్నాను. కడియం ఒళ్ళో పడింది. ముగ్గురూ ఒకేసారి తలలెత్తారు. నా ముక్కులోకి బురదనీళ్ళ వాసన వచ్చింది. వేళ్ళ మధ్య జడ జారడం మొదలైంది. జారుతుండగానే చెప్పాను. ఇడ్లీరేకులు, అడకత్తెర, కప్పులు తొలిచే గిన్నె, అన్నీ. మధ్యలో రెండుసార్లు గాలి అందక ఆగాను. ఎవరూ నీళ్ళివ్వలేదు.

జిలానీ కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నాడు. ఆ తర్వాత అతను నన్నెప్పుడూ అక్కా అని పిలవలేదు.

మేరీరత్నం గారు నా వైపు తిరిగి, "నేను ఇంజక్షన్లు దొంగిలించిన రోజుల్లో వార్డు తాళాలు నా దగ్గరే ఉండేవి ఇందుమతి గారూ. నేనంటే అందరికీ అంత నమ్మకం," అన్నారు. అది ఓదార్పు కాదు. ఆవిడకి తెలిసిన సంగతి చెప్పారు, అంతే.

పైడిరాజు మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

"ఎన్నాళ్ళండి?"

"ఐదు వారాలు."

"నాకు పడతందని తెలిసి?"

"నాలుగు."

వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు.

"అయితే అబ్బులు రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడో, తిట్టుకుంటున్నాడో తెలియలేదు. డాక్టర్ తన ముందు కడియాల లెక్క చూపే తెర మీద ఐదు వారాల గీతలు వెనక్కి జరిపి చూస్తున్నారు.

"నాలుగు వంతులూ చేరాయా లేదా అన్నదే చూశాను. ఎవరు ఎంత మోశారో చూడలేదు," అన్నారు, చివరికి. "పైడిరాజూ, వచ్చి కూర్చో. నీ కడియం తియ్యను."

అతను వచ్చాడు. నా పక్క కుర్చీ ఖాళీగానే వదిలేసి, జిలానీ పక్కన కూర్చున్నాడు. నేను కాగితాల డబ్బా, పుస్తకం బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఫ్లాస్కు మర్చిపోయాను. దానికోసం వెనక్కి వెళ్ళలేదు.

*

నది నాలుగు నెలలు మా ఇంట్లోనే ఉంది. స్నానానికి తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని, గడియ పెట్టలేదు. బయట మా ఆయన కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నట్టు కూర్చునేవారు. పేజీ తిప్పిన చప్పుడు ఎప్పుడూ వినబడేది కాదు. చూడలేనన్న మనిషి రోజూ అక్కడే ఉన్నారు. ఇడ్లీరేకులు కడిగి ఎండలో పెట్టాను. అడకత్తెర ఎవరికో ఇచ్చేశాను. మాత్ర జోలికి పోలేదు. పోని రోజులు లెక్కపెట్టుకోవడం కూడా మానేశాను. ఆ లెక్కలో కూడా నాకు మంచి మార్కులు వేసుకోవాలనిపించేది.

కొత్త గుంపులో చోటు ఇస్తామని కేంద్రం నించి కబురు వచ్చింది. కడియాలు మార్చారట. ఇప్పుడు ఒక్క ఒళ్ళు మొద్దుబారినా మొత్తం ఆగిపోతుంది, పక్కవాళ్ళకి పోదు. వెళ్ళాను. మామూలు వాయిల్ చీర కట్టుకున్నాను. టీ తీసుకెళ్ళలేదు.

వరండాలో బల్ల వెనక పైడిరాజు కూర్చుని ఉన్నాడు. కోర్సు పూర్తిచేశాడు. వారానికి ఆరు రోజులు క్రేన్ ఎక్కుతున్నాడు, సెలవురోజు ఇక్కడికి వచ్చి కొత్తవాళ్ళని పరీక్షిస్తున్నాడు. అతని ముందు అదే డబ్బా, అదే పుస్తకం. బల్ల మీద చేతులు కదలకుండా ఉన్నాయి.

నన్ను చూసి లేవలేదు. లేస్తాడని నేను అనుకున్నట్టున్నాను. ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాను.

"నాలిక సాపండి," అన్నాడు.

వెనక వరసలో నలుగురైదుగురు కుర్రాళ్ళూ, ఒక పెద్దాయనా నిలబడి ఉన్నారు. కళ్ళజోడు, జుట్టు ముడి, యాభై ఏళ్ళ ముఖం, వీటన్నిటితో నాలిక బయటపెట్టాను. అతను కాగితం పెట్టాడు, తీశాడు, వెలుతురుకి పట్టుకున్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. నా వైపు చూడలేదు. ముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగింది.

కాగితం తెల్లగా ఉంది.

"అయిందా?" అన్నాను.

అతను కలం తియ్యలేదు. డబ్బాలోంచి ఇంకో కాగితం తీశాడు.

నేను మళ్ళీ నాలిక చాపాను.